పెట్టెల రష్యా టీ-90, బల్ల మీద భీష్మ: వానాకాలం బిల్డ్ డైరీ

1/35 స్కేల్‌ల (అసలు ట్యాంకుల 35వ వంతు సైజు) టీ-90 ప్లాస్టిక్ మోడల్ కిట్లు బాగనే దొరుకుతయి గని దాదాపు అన్నీ రష్యా ఆర్మీ ట్యాంకులే. మన ఆర్మీ భీష్మ (మన టీ-90 పేరు) కావాలంటె పెట్టెల ఉన్నది ఉన్నట్టు అతికిస్తె కాదు. 2001ల మనం ఆర్డర్ ఇచ్చిన 310 టీ-90ఎస్‌లల్ల కొన్ని రెడీమేడ్‌గ వచ్చినయి, మిగిలినయి చెన్నై దగ్గర ఆవడి ఫ్యాక్టరీల బిగించిన్రు, వాటి ముఖమే వేరె. ఈ డైరీల ఏం మార్చిన, ఏం చెడింది, ఎందుకు చెడింది అన్నదే ఉంటది. పని జరిగింది హన్మకొండల, మేడ మీద రేకుల గదిల, వానాకాలం మొత్తం. ఆ సంగతి ఎందుకు చెప్తున్ననంటె సగం తిప్పలు ప్లాస్టిక్‌తోని కాదు, గాలిల తేమతోని వచ్చినయి, ఇంగ్లీషు వీడియోల వాళ్ళకు ఆ బాధ తెల్వది.

నేను తీసుకున్నది టీ-90ఏ కిట్, వెల్డింగ్ టర్రెట్ (తుపాకీ ఉండే, తిరిగే పై భాగం)ది. మన తర్వాతి బ్యాచుల టర్రెట్ కూడ వెల్డింగ్‌దే కాబట్టి మూలం సరిపోతది. పాత గుండ్రటి క్యాస్ట్ టర్రెట్ ఉన్న కిట్ తీస్కుంటె పని ఇంకో తీరుగ ఉంటది, అది ఇక్కడ లేదు.

స్టేజ్ 1: కత్తి పట్టకముందు కొలతలు

వెర్నియర్ (సన్న కొలతలు తీసే పరికరం) పక్కకు పెట్టుకోని అసలు ట్యాంకు కొలతను 35తోని భాగించి రాసుకున్న.

- తుపాకీ ముందుకు పెట్టినప్పుడు మొత్తం పొడవు 9.53 మీటర్లు, స్కేల్‌ల 272 మి.మీ.
- వెడల్పు 3.78 మీటర్లు, స్కేల్‌ల 108 మి.మీ.
- టర్రెట్ కప్పు దాక ఎత్తు 2.23 మీటర్లు, స్కేల్‌ల 63.7 మి.మీ.
- రోడ్ వీల్ 750 మి.మీ., స్కేల్‌ల 21.4
- తుపాకీ నోరు 125 మి.మీ., స్కేల్‌ల 3.6

కిట్‌ల వెడల్పు 107.4 వచ్చింది, వీల్ 21.3, ఈ రెండు పట్టించుకునే తేడాలు కాదు. నోరు మాత్రం 3.1 ఉన్నది, ప్లాస్టిక్ మందం వల్ల గొట్టం గోడ లావుగ కనిపిస్తది. దూరం నుంచి చూసినా ముందుగల కన్ను అక్కడికే పోతది కాబట్టి దాన్ని మార్చాలె అని అప్పుడే రాసిపెట్టుకున్న.

ఖర్చు: కిట్ 3,450, లిక్విడ్ సిమెంట్ 380, నిప్పర్ 220, కత్తి 90, ఆకురాళ్ళు, వాటర్ పేపర్ కలిపి 260.
ఇప్పటిదాక: రూ. 4,400

స్టేజ్ 2: హల్ (ట్యాంకు మొండెం), చక్రాలు

పక్కకు 6 రోడ్ వీల్స్, 3 రిటర్న్ రోలర్లు (పై ట్రాకును మోసే చిన్న చక్రాలు), ముందు ఐడ్లర్ (ట్రాకు మలిగే చక్రం), వెనక స్ప్రాకెట్ (ట్రాకును తిప్పే పండ్ల చక్రం). వీల్స్ చుట్టూర ఉన్న అచ్చు గీత గీకుడే బోరు పని, దాని గురించి రాసేదేం లేదు, పాటలు పెట్టుకోని గీకాలె.

అసలు సమస్య స్వింగ్ ఆర్మ్‌లు, చక్రాలను హల్‌కు పట్టే చేతులు. రంధ్రంల 0.4 మి.మీ. దాక ఊగుతున్నయి, అట్లనే అతికిస్తె ఒక చక్రం నేల తాకదు, ఇంకోటి ట్యాంకును ఎత్తిపెడ్తది. కుడి పక్క అట్లనే అయింది, మూడో చక్రం కింద కాయితం అటు ఇటు దూరిపోతున్నది. దీన్ని సక్కబెట్టింది ఇట్ల:

1. కిటికీ అద్దం ముక్క ఒకటి బల్ల మీద పెట్టాలె, బల్ల చెక్కను నమ్మొద్దు, వానాకాలం అది వంగుతది.
2. హల్ కింద రెండు పక్కల 14 మి.మీ. ఎత్తున్న దిమ్మెలు. అసలు ట్యాంకు కింద జాగ దాదాపు అర మీటరు, స్కేల్‌ల 14కు దగ్గర వస్తది.
3. ఆర్మ్‌లకు సిమెంట్ పెట్టి, చక్రాలు అతికించకుండ ఉత్తగ తొడిగి, అద్దం మీద కూసోబెట్టాలె.
4. స్టీల్ స్కేల్ ఆనించి చక్రాలన్నీ ఒకే గీతల ఉన్నయా చూడాలె.
5. రాత్రంత కదిలియ్యొద్దు.

కుడి పక్క మూడో ఆర్మ్ అప్పటికే అతికి ఉన్నది, దాన్ని ఊడదీయకుండ వేలుతోని కిందికి ఒంచి స్కేల్ గీతలకు తెచ్చిన. చూస్తె మంచిగనే ఉన్నది. ఈ ఆర్మ్‌ను గుర్తుపెట్టుకోవాలె, స్టేజ్ 7ల మల్ల వస్తది.

ట్రాకులు విడి లింకులు. మాన్యువల్‌ల రాసిన సంఖ్య కన్న ఒక లింకు తక్కువ పెడ్తెనే బిగువు సరిపోయింది. పై వరస స్కర్ట్‌ల (పక్కన వేలాడే పలకల) ఎనక దాక్కుంటది, దాని వేలాడే వంపు కోసం గంటలకు గంటలు కొట్లాడుడు దండుగ. ముందు ఐడ్లర్ కాడ, వెనక స్ప్రాకెట్ కాడ కనిపించే ఏడెనిమిది లింకులు నీట్‌గ ఉంటె సాలు.

స్టేజ్ 3: తుపాకీ గొట్టం

రెండు సగాలు అతికించుడు, కీలు గీత గీకుడు, అంతే అనిపిస్తది. 400 నంబరు వాటర్ పేపరుతోని గీత పోయేదాక గీకినంక వెర్నియర్ పెడ్తె అడ్డం 4.9, నిలువు 5.2. అంటె గుండ్రంగ లేదు, కోడిగుడ్డు లెక్క అయింది. కంటికి తెల్వదు గని వెండి రంగు పెన్సిల్‌తోని రుద్ది లైటు కింద తిప్పితె కీలు పక్కల చదును తెల్లగ మెరుస్తది.

కారణం ఏందంటె, కీలు మీదనే గీకితె అక్కడనే తరుగుతది. చెయ్యాల్సింది:

1. సిమెంట్ ఎక్కువ పెట్టి రెండు సగాలు వత్తాలె, కరిగిన ప్లాస్టిక్ గీత పొడుగునా సన్న కట్ట లెక్క బయటికి రావాలె.
2. రెండు రోజులు ఎండనియ్యాలె, అది మెత్తగ ఉన్నప్పుడు గీకితె తర్వాత కుంగి గుంట పడ్తది.
3. కట్టను మాత్రమే కత్తితోని చెక్కాలె.
4. వాటర్ పేపర్‌ను 5 మి.మీ. పట్టీలుగ కోసి, బూటు పాలిష్ చేసినట్టు గొట్టం చుట్టు అటూ ఇటూ గుంజాలె. 800, తర్వాత 1500.

చెడిన గొట్టానికి కారు షెడ్లల్ల వాడే ఎన్‌సీ పుట్టీ రెండు పల్చటి పూతలు పెట్టి మల్ల గుండ్రం చేసిన. ఈ పుట్టీల థిన్నర్ ఉంటది, మందంగ పెడ్తె ప్లాస్టిక్‌నే తింటది, కాబట్టి ఒక పూత ఆరినంకనే ఇంకోటి. ఇప్పుడు 5.0, 5.1. ఇంతకన్న నాకు చాతకాలె, అల్యూమినియం గొట్టం విడిగ కొంటె ఈ లొల్లి ఉండదు గని దాని ధర కిట్ ధరల నాలుగో వంతు చెప్తున్నరు.

నోరుకు చేతి డ్రిల్లు 2 మి.మీ. నుంచి మొదలువెట్టి అంచెలంచెలుగ 3.5 దాక పెంచిన, ఆఖరుకు గుండ్రటి ఆకురాయి తిప్పిన. ఒకేసారి పెద్ద బిట్ పెడ్తె అంచు పగుల్తది.

స్టేజ్ 4: ష్టోరా తీసుడు

రష్యా టీ-90ఏ తుపాకీకి రెండు పక్కల ఎర్రటి కండ్ల లెక్క కనిపించే డబ్బాలు ఉంటయి, అవి ష్టోరా సిస్టమ్‌వి, వచ్చే మిసైల్ గైడెన్స్‌ను గందరగోళం చేసుడు వాటి పని. మన టీ-90ఎస్‌లకు ష్టోరా తీసుకోలే. ఆ జాగల కూడ కాంటాక్ట్-5 రియాక్టివ్ ఆర్మర్ (గుండు తగిలితె పేలి దాని దెబ్బ తగ్గించే కవచం) దిమ్మెలే ఉంటయి. భీష్మ ముఖం మారేది ఇక్కడనే, ఇది చెయ్యకుండ మన రంగు వేస్తె రష్యా ట్యాంకుకు మన చొక్కా తొడిగినట్టే.

ఆ డబ్బాలు విడి భాగాలు కాబట్టి అతికించకుండ వదిలేస్తె సరిపోతది. టర్రెట్ మీద లేజర్ వార్నింగ్ సెన్సార్ల చిన్న దిమ్మెలు కూడ ష్టోరాల భాగమే, వాటిని కూడ తీసెయ్యాలె, చానామంది ఇది మర్చిపోతరు. వాటి బొక్కలు ఫ్రేమ్ కడ్డీ (కిట్ భాగాలు అంటుకోని వచ్చే ప్లాస్టిక్ కడ్డీ) సాగదీసి నింపి, కోసి, చదును చేసిన.

ఇగ ఖాళీలు. ఎడమ పక్క 14.2 మి.మీ., కుడి పక్క 13.6. ఒకే అచ్చు కాయితం పెట్టి రెండు దిమ్మెలు కోస్తె కుడిది దూరలే, అంచు గీకి దూరపెడ్తె కోణం పోయింది, చెత్తబుట్టల పడ్డది. ఏ పక్కకు ఆ పక్క కాయితం అచ్చు తియ్యాలె. కాంటాక్ట్-5 దిమ్మె పై పలక, కింది పలక ముందుకొచ్చి అంచు కాడ కలుస్తయి, చీలిక మొద్దు లెక్క. ఆ అంచు పక్క దిమ్మె అంచుతోని ఒకే గీతల పోకపోతె మొత్తం టర్రెట్ వంకర అనిపిస్తది.

ప్లాస్టిక్ షీట్ కోసం వరంగల్ స్టేషన్ రోడ్డు, హన్మకొండ చౌరస్తా రెండు తిరిగిన, స్టేషనరీ దుకాండ్లల్ల దొరికేది పీవీసీ, దానికి మన సిమెంట్ పట్టదు. ఐస్‌క్రీమ్ కప్పుల అడుగున త్రికోణంల 6 నంబరు, కింద పీఎస్ అని ఉంటె అది పాలీస్టైరీనే, కిట్ ప్లాస్టిక్ జాతే. మందం 0.5 మి.మీ. దగ్గరదగ్గర ఉన్నది. పాత సీడీ డబ్బా కూడ అదే జాతి గని పెళుసు, గీసి ఇరిస్తె ఎటుపడితె అటు పగుల్తది.

1. కాయితం అచ్చు, పక్కకు ఒకటి.
2. కప్పు ప్లాస్టిక్ వేడినీళ్ళల్ల ఒక నిమిషం, తీసి అద్దం కింద పెడ్తె వంపు పోతది.
3. పై పలక ముందు, కింది పలక తర్వాత, లోపల ఫ్రేమ్ ముక్క ఆసరా.
4. కీలుకు పుట్టీ, 800 పేపర్.
5. బోల్టు తలలు మిగిలిపోయిన భాగాల మీద నుంచి కత్తి మొనతోని చెక్కి అతికించాలె.

ఇంజిన్ జాలీ ఇత్తడి రేకుది. వంచితె మల్ల లేస్తున్నది. గ్యాస్ మంట మీద లేత ఎరుపు వచ్చేదాక పట్టి చల్లారనిస్తె మెత్తబడ్తది, అప్పుడు వేలుతోనే వంగుతది. వెనక ఉండే దుంగను (బురదల దిగబడితె వాడేది) కిట్‌ల ప్లాస్టిక్‌తోని ఇచ్చిన్రు, దాని మీది చెక్క గీతలు మరీ లోతు. వేప పుల్ల ఒకటి 6.5 మి.మీ. లావున్నది ఏరి, ఎండబెట్టి, నీళ్ళ ఫెవికాల్‌ల ముంచి పెట్టిన. బెరడు సన్నగ ఉన్న పుల్లనే తియ్యాలె, తుమ్మ పుల్ల బెరడు ఈ స్కేల్‌కు మోటుగ కనిపిస్తది.

ఖర్చు: పుట్టీ 110, సూపర్ గ్లూ 40, చేతి డ్రిల్లు, బిట్లు 250. ఐస్‌క్రీమ్ ఖర్చు రాయలే.
ఇప్పటిదాక: రూ. 4,800

స్టేజ్ 5: ప్రైమర్, నీళ్ళు

ఎయిర్‌బ్రష్ (గాలితోని రంగు చల్లే చిన్న గన్) 0.3 నీడిల్‌ది, కంప్రెసర్ చిన్న ట్యాంకుది, రెండూ పాతయే, లెక్కల కలపలే.

బూడిద రంగు లాకర్ ప్రైమర్ (రంగు కింద వేసే మొదటి పూత), గాలి ఒత్తిడి 20 పీఎస్‌ఐ. హల్ అడుగు మంచిగ పట్టింది, టర్రెట్ సగంల ఉన్నప్పుడు ఎయిర్‌బ్రష్ తుప్పుక్కున ఉమ్మి నీటి చుక్క పడ్డది. చుక్క చుట్టు ప్రైమర్ జరిగిపోయి గుండ్రటి మచ్చ. తుడిచి మల్ల కొడ్తె మల్ల చుక్క. వాటర్ ట్రాప్ (గాలిల నీళ్ళను పట్టేది) ఉన్నది, దాంట్ల ఒక్క బొట్టు లేదు!

మా గల్లీ చివర కార్లకు పెయింట్ చేసే షెడ్డు ఉన్నది, అక్కడి అన్నను అడిగిన. ఆయన చెప్పింది: "తమ్మీ, ట్రాప్‌ను కంప్రెసర్‌కే బిగిస్తె ఏం లాభం, ఆడ గాలి వేడిగ ఉంటది, నీళ్ళు ఆవిరి లెక్కనే దాటిపోతయి. పైపుల చల్లవడ్డంక నీళ్ళయి నీ గన్‌లకు వస్తయి."

నిజమే. నొక్కిన గాలి వేడెక్కుతది, వేడి గాలి తేమను మోస్తది, పైపుల చల్లబడంగనే వదుల్తది. హైగ్రోమీటర్ కొని చూస్తె గదిల తేమ 84 శాతం. మార్చింది ఇది:

1. కంప్రెసర్ కాడి ట్రాప్‌ను తీసి, ఇంకోటి కొని ఎయిర్‌బ్రష్‌కు ఒక మూర దూరంల పెట్టిన.
2. మధ్యల 3 మీటర్ల పైపు అదనంగ కలిపి, చుట్ట చుట్టి చల్లటి నీళ్ళ బకెట్‌ల ముంచిన. నీళ్ళు ఆ చుట్టలనే అయి ట్రాప్‌ల పడ్తున్నయి.
3. కంప్రెసర్ గాలి ట్యాంకు నింపి, బంద్ చేసి, పది నిమిషాలు ఆగి, అడుగున ఉన్న స్క్రూ విప్పి నీళ్ళు వదిలినంకనే పెయింట్.
4. తేమ 70 దాటితె లాకర్ ముట్టద్దు. పొద్దుగాల కన్న పగలు రెండు, మూడు గంటల మధ్య తేమ తక్కువ ఉంటది, ఉక్క ఎక్కువైనా అప్పుడే కొట్టాలె.

తర్వాత ట్రాప్‌ల చెంచాడు నీళ్ళు పడ్డయి, టర్రెట్ మీద ఒక్క చుక్క పడలే. మచ్చలను 1500 పేపర్ తడిపి రుద్ది మల్ల ప్రైమర్ కొట్టిన. ఇంకో సంగతి, హార్డ్‌వేర్ దుకాణంల దొరికే ఎన్‌సీ థిన్నర్‌ను గన్ కడుగుడుకే వాడాలె, దాన్ని ప్రైమర్‌ల ఎక్కువ కలిపితె ప్లాస్టిక్ మీది సన్న గీతలు, బోల్టు తలలు కరిగిపోతయి. పారేసే ఫ్రేమ్ మీద కొట్టి చూస్తె తెలిసిపోతది.

ఖర్చు: ఇంకో ట్రాప్ 550, పైపు 300, హైగ్రోమీటర్ 350.
ఇప్పటిదాక: రూ. 6,000

స్టేజ్ 6: రంగులు

నేను పట్టుకున్న ఫొటోల్ల ఇసుక రంగు మీద ఆకుపచ్చ వెడల్పు పట్టీలు. తమియా యాక్రిలిక్ వాడిన, వాటి థిన్నర్ ఎక్స్-20ఏ.

- ఇసుక: ఎక్స్‌ఎఫ్-57 బఫ్ మూడు పాళ్ళు, ఎక్స్‌ఎఫ్-59 డెజర్ట్ యెల్లో ఒక పాలు
- ఆకుపచ్చ: ఎక్స్‌ఎఫ్-61 డార్క్ గ్రీన్ నాలుగు పాళ్ళు, బఫ్ ఒక పాలు
- రబ్బరు: ఎక్స్‌ఎఫ్-69 నాటో బ్లాక్, ఉత్త నలుపు వద్దు

పెయింట్, థిన్నర్ సగం సగం, 15 పీఎస్‌ఐ. మే నెలల ఒక టెస్ట్ ముక్క మీద ఇదే పాలుతోని కొడ్తె రంగు గాలిలనే ఆరిపోయి ఉప్పు కాగితం లెక్క గరుకుగ వచ్చింది, వానాకాలం అదే పాలు సాఫ్‌గ పడ్డది. ఎండాకాలం చేసేవాళ్ళు థిన్నర్ ఆరు పాళ్ళు, పెయింట్ నాలుగు పాళ్ళు చేసి, రిటార్డర్ (రంగు నిమ్మళంగ ఆరేటట్టు చేసేది) రెండు చుక్కలు వేసుకోవాలె.

పట్టీల అంచుకు బ్లూ ట్యాక్ (అతుక్కునే మెత్తటి ముద్ద) తాళ్ళ లెక్క పేని అతికించిన. రేకుల కింద అది మెత్తబడి జిడ్డు వదిలింది, తీసేటప్పుడు ఇసుక రంగు మీద మెరిసే గీత. ఫ్రిజ్‌ల పది నిమిషాలు పెట్టి వాడి, కొట్టిన గంటలోపలనే తీసేస్తె జిడ్డు రాలే. ముందుగల పడ్డ గీతలు మ్యాట్ కోట్ (మెరుపు లేని వార్నిష్) కింద కలిసిపోయినయి.

బఫ్ కలపని ఆకుపచ్చ డబ్బాల మంచిగుంటది, మోడల్ మీద మరీ చీకటిగ కనిపించింది, అందుకే ఆ ఒక పాలు బఫ్. చిన్న సైజుల ముదురు రంగు ఇంకా ముదురు అయితది, ఫొటోల రంగును అచ్చుగుద్దినట్టు కలపొద్దు.

ఖర్చు: ప్రైమర్ 650, రంగుల డబ్బాలు ఆరు 1,320, థిన్నర్ 250.
ఇప్పటిదాక: రూ. 8,220

స్టేజ్ 7: నంబర్లు, వాష్, దుమ్ము

కిట్‌ల డీకాల్స్ (నీళ్ళల్ల నానబెట్టి అతికించే బొమ్మలు, నంబర్లు) రష్యావి. మన ఆర్మీ నంబరు ముందు పైకి చూసే బాణం గుర్తు ఉంటది, నల్ల పట్టీ మీద తెల్ల అక్షరాలు. ఇంక్‌జెట్ ప్రింటర్‌కు తెల్ల ఇంకు ఉండదు, కాబట్టి తెల్ల డీకాల్ పేపర్ తీసుకోని నలుపు అచ్చేసి అక్షరాల జాగ ఖాళీ వదలాలె. నీళ్ళల్ల వేసిన నిమిషంల నలుపు ఊదా రంగై అక్షరాలల్లకు పాకింది. అచ్చేసిన పేపర్‌కు మూడు పల్చటి క్లియర్ పూతలు కొట్టి ఒక రాత్రి ఆరబెట్టినంక నీళ్ళల్ల వేస్తె పాకలే. కోసిన అంచుల తెల్ల గీత మిగుల్తది, దానికి నల్ల మార్కర్. డీకాల్ పెట్టే జాగల ముందుగల ఎక్స్-22 గ్లాస్ (మెరిసే క్లియర్ వార్నిష్) కొట్టాలె, లేకుంటె మ్యాట్ గరుకుల గాలి ఇరుక్కోని తెల్లగ మెరుస్తది. అసలు రెజిమెంట్ నంబరు వెయ్యలే, కల్పించిన అంకెలే.

వాష్‌కు (సందుల్ల దిగే పల్చటి ముదురు రంగుకు) క్యామెల్ ఆయిల్ ట్యూబు బర్న్ట్ అంబర్, టర్పెంటైన్. ఇక్కడనే కుడి మూడో ఆర్మ్ టక్కుమని ఇరిగింది, చక్రంతోని సహా కింద పడ్డది. అది ఒంచి అతికించినదే. ప్లాస్టిక్ లోపల బిగువు ఉన్న కాడ, రంగు పట్టని సందుల నుంచి టర్పెంటైన్ దూరితె పగుల్తది. స్టేజ్ 2ల ఊడదీసి మల్ల పెడ్తె పది నిమిషాల పని, ఇప్పుడు ట్రాకు, స్కర్ట్ రెండూ లేపి, ఆర్మ్‌కు 0.5 మి.మీ. ఇత్తడి తీగ దూర్చి అతికించాల్సొచ్చింది. చక్రాల వెనక వాష్‌ను కుంచె తుడిచి దాదాపు పొడిగ పెట్టాలె, ధార పొయ్యద్దు.

మ్యాట్ కోట్ కొట్టినరోజు తేమ 78. టర్రెట్ వెనక పాలు పోసినట్టు తెల్లబడ్డది. థిన్నర్ ఆవిరైతుంటె పైపొర చల్లబడి గాలిల తేమను గుంజుకుంటది. దాని మీద గ్లాస్ ఒక తడి పూత కొడ్తె తెలుపు పోయింది, ఎండ వచ్చిన పూట మల్ల మ్యాట్. గ్లాస్ ఆరేటప్పుడు ఫ్యాన్ బంద్ చేసి స్టీల్ గంజు బోర్లిస్తె దుమ్ము పడలే.

దుమ్ముకు విదేశీ పిగ్మెంట్లు వద్దు. ముల్తానీ మట్టి కిరాణాల దొరుకుతది, రంగు అచ్చం రాజస్థాన్ ఇసుక దుమ్ము. పల్చటి పంచె గుడ్డల జల్లించాలె. మన చెల్క ఎర్రమట్టి చూడనీకి బాగుంటది గని థార్ ఎడారి ట్యాంకుకు అది అబద్ధం. ఎడమ పక్క సైలెన్సర్ తుప్పుకు మాత్రం గడపకు పూసే జాజు, కొంచెం బొగ్గు పొడి, ఇంతకన్న మంచి తుప్పు రంగు నేను కొన్న ఏ డబ్బాల లేదు. పసుపు కలపొద్దు, వెలుతురుకు ఎగిరిపోతది, సున్నం తగిలితె ఎర్రబడ్తది.

1. పొడి మట్టిని మెత్తటి కుంచెతోని మూలల్ల అద్దాలె.
2. మెడికల్ షాపు ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) చుక్కను పక్కన ముట్టిస్తె అదే పాకుతది.
3. తడిగ ఉన్నప్పుడు దుమ్ము కనిపించదు, ఆరేదాక ఇంకోసారి వెయ్యద్దు.
4. పైన వార్నిష్ కొడ్తె సగం దుమ్ము మాయమైతది, కాబట్టి ముట్టుకునే జాగలకే కొట్టాలె.

ఖర్చు: గ్లాస్ 220, మ్యాట్ 240, డీకాల్ పేపర్ 180, ఆయిల్ ట్యూబు 70, టర్పెంటైన్ 60, ముల్తానీ మట్టి 30, జాజు 20.
ఇప్పటిదాక: రూ. 9,040

ఇంకా మిగిలినయి

ఆఖరు కొలతలు: పొడవు 271, వెడల్పు 107.5, ఎత్తు 63.9. కుడి స్కర్ట్ మల్ల అతికించినంక 0.3 మి.మీ. బయటికి ఉన్నది, వదిలేసిన. యాంటెన్నాకు సాగదీసిన ఫ్రేమ్ కడ్డీ పెడ్తె ఎండకు వంగుతున్నది, గిటార్ సన్న తీగ తెచ్చి పెడ్త. 12.7 మెషిన్ గన్ నోరు 0.5 బిట్‌తోని తొలవాలె, ఉన్న ఒక్క బిట్ ఇత్తడి తీగ పనిల ఇరిగింది. తర్వాతిది బీఎంపీ-2 సారథ్, మన సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంల తయారయ్యే బండి. దాని స్వింగ్ ఆర్మ్‌లను అద్దం మీద కూసోబెట్టేదాక టర్రెట్ ఫ్రేము కవరు చింపేది లేదు.